సముద్రం వెళ్లిపోయిన ఊళ్లు

టర్కీ పడమటి తీరాన సోకె పట్టణం దాటితే రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలే. బల్లపరుపు నేల, మురుగు కాల్వలు, గట్ల మీద రెల్లు, ఎక్కడో మధ్యలో ఒక ట్రాక్టరు. సెప్టెంబరు ఆఖర్న వెళ్తే కాయ పగిలి చేను తెల్లబడి ఉంటుంది. బస్సులో గుంటూరు వాళ్లో ఆదిలాబాద్ వాళ్లో ఉంటే ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు దిగుతుందో కిటికీలోంచే లెక్క కట్టేస్తారు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఆ చేలున్న చోట సముద్రం ఉండేది. క్రీ.పూ. 494లో గ్రీకులూ పర్షియన్లూ వందల ఓడలతో తలపడిన లాడె దీవి ఇప్పుడు చేల మధ్య ఒక గుట్ట. దాని చుట్టూ దుక్కి దున్నుకుంటారు.

ఈ పని చేసింది ఒక నది. పాత పేరు మియాండర్, ఇప్పుడు బుయుక్ మెండెరెస్ అంటారు. అనటోలియా కొండల మట్టిని కోసుకుని, అడుగడుగునా వంపు తిరుగుతూ వచ్చి, ఇక్కడున్న పెద్ద అఖాతంలో పోసింది. ఏటా ఇంత చొప్పున తీరం పడమటికి జరిగిపోయింది. రేవు మీద బతికిన ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి నేల మధ్య చిక్కుకుపోయాయి. అప్పటివాళ్లకూ ఈ సంగతి తెలుసు. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు భూగోళ రచయిత స్ట్రాబో, ఒకప్పుడు సముద్రం ఒడ్డునున్న ప్రియేనె తన నాటికే నలభై స్టేడియాలు, అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు, లోపలికి వెళ్లిపోయిందని రాశాడు. ఇంకో ముచ్చట కూడా ఆయనే చెప్పాడు. నది గట్టు కోసి పొలాల హద్దులు మార్చేస్తే జనం నది మీదే దావా వేసేవారట. తీర్పు నదికి వ్యతిరేకంగా వస్తే, ఏరు దాటించే పడవల సుంకం సొమ్ములోంచి జరిమానా కట్టేవారట. ముద్దాయి కోర్టుకు వచ్చిందో లేదో మాత్రం ఆయన రాయలేదు.

దగ్గర్లోని మ్యూస్ అనే ఊరిది మరీ అన్యాయం. రేవు కాస్తా చెరువైంది, చెరువు నిండా దోమలు పుట్టాయి. భరించలేక ఊరు ఊరంతా దేవుళ్ల విగ్రహాలతో సహా సామాను సర్దుకుని మిలెటస్‌కు వలసపోయిందని పౌసేనియస్ అనే యాత్రికుడు రెండో శతాబ్దంలో రాసిపెట్టాడు.

ఈ నది కథలోని మూడు చోట్లను ఒక్క రోజులో చుట్టి రావచ్చు. ప్రియేనె, మిలెటస్, డిడిమా. కుషాదాసిలోగానీ సెల్చుక్‌లోగానీ బస చేసినవాళ్లకు అక్కడి ట్రావెల్ ఆఫీసులన్నీ ఈ మూడింటినీ కలిపి ఒక టూరుగా అమ్ముతాయి. పొద్దున మినీబస్సు ఎక్కితే పొద్దుగూకే వేళకు హోటల్లో దింపుతారు. అయినా ఈ ప్రాంతానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎఫెసస్ చూసి వెళ్లిపోతారు. ఎఫెసస్ గొప్పదే, కాదనేవాళ్లు లేరు. కానీ కుషాదాసి రేవులో క్రూయిజ్ ఓడలు ఆగిన రోజున అక్కడి పాలరాతి వీధిలో నడవడమంటే తిరునాళ్లలో నడవడమే, తల పైకెత్తితే సెల్ఫీ కర్రలు తప్ప స్తంభాలు కనపడవు. పైగా ఎఫెసస్‌లో మనకు కనిపించేదంతా దాదాపు రోమన్ల నగరం. దాని కిందా దాని ముందూ ఉన్న గ్రీకు ఊరు ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే. గ్రీకు ఏది, రోమన్ ఏది, ఒకదాని మీద ఇంకొకటి ఎలా ఎక్కి కూర్చుంది అని తేల్చుకోవాలనుకునేవాళ్లకు ఈ మూడూళ్ల టూరే సరైనది. గ్రీకు ఊరు ఉన్నదున్నట్టు చూడాలంటే రోమన్లు పెద్దగా పట్టించుకోని ఊరు కావాలి. అలాంటి ఊరు ప్రియేనె.

మికాలె పర్వతం దక్షిణపు వాలు మీద, గుల్లుబాహ్చె అనే పల్లెకు పైన ఉంటుంది. టికెట్టు తీసుకున్నాక రాతి దారిలో ఎక్కుడు. దారి పొడవునా పైన్ చెట్లు, రాళ్ల మీద రాలిన పైన్ సూదులు. ఊరి వెనక నిట్టనిలువుగా లేచిన రాతి కొండ. నీడ ఉంది, గాలి ఉంది, జనం లేరు. ఈ చోటికి ఊరు వచ్చింది క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో. అంతకు ముందున్న పాత ప్రియేనె ఎక్కడుండేదో ఇప్పటికీ దొరకలేదు. లోకంలోని ఏడుగురు జ్ఞానుల్లో ఒకడని గ్రీకులు చెప్పుకున్న బయస్ పుట్టిన ఊరు అది. ఆయన ఇల్లు ఏ పత్తిచేను కింద ఎన్ని మీటర్ల లోతున ఉందో మరి.

కొత్త ఊరిని గళ్ల కాగితం మీద గీసినట్టు కట్టారు. తూర్పు పడమరలుగా వీధులు, వాటిని అడ్డంగా కోసే సందులు, మధ్యలో సుమారు 47 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పున్న ఇళ్ల గడులు. బల్లపరుపు నేల మీద ఇలా గీయడం ఎవరికైనా చేతనవుతుంది. వీళ్లు కొండ వాలు మీద గీశారు. అందుకే తూర్పు పడమర వీధులు చదునుగా ఉంటే, ఉత్తర దక్షిణ సందులు చాలాచోట్ల మెట్లయ్యాయి. ఈ గళ్ల పద్ధతికి పేరు తెచ్చిన హిప్పోడామస్ మిలెటస్ వాడు. జుట్టు పొడుగ్గా పెంచి, ఖరీదైన నగలు పెట్టుకుని, ఎండాకాలంలోనూ చవకరకం చలిబట్టలు వేసుకు తిరిగేవాడని అరిస్టాటిల్ ఆయన మీద ఒక చురక వేశాడు. ఊళ్లకు ప్లాన్లు గీసేవాళ్లను జనం వింతగా చూడటం అప్పటినుంచే ఉందన్నమాట.

ఊరి నడినెత్తిన అథీనా దేవత గుడి. ఇప్పుడు అయిదు స్తంభాలు నిలబడి ఉన్నాయి, అవి కూడా ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ పేర్చి నిలబెట్టినవి. మిగతావి భూకంపానికి ముక్కలుగా దొర్లి చుట్టూ పడి ఉన్నాయి. దీని వాస్తుశిల్పి పిథియోస్. హాలికార్నాసస్‌లో మావ్సోలస్ రాజుకు కట్టిన, ఏడు వింతల్లో ఒకటైన సమాధిలోనూ ఆయన చెయ్యి ఉంది. గుడి కడుతుండగా క్రీ.పూ. 334లో అలెగ్జాండర్ ఈ దారిన వచ్చాడు. అంతకుముందు ఎఫెసస్‌లో ఆర్టెమిస్ గుడి ఖర్చంతా నాది, పేరు కూడా నాదే చెక్కించండి అని అడిగితే, ఒక దేవుడు ఇంకో దేవుడికి కానుకలివ్వడం బాగుండదంటూ అక్కడివాళ్లు తేనె పూసి తప్పించుకున్నారట. ప్రియేనె చిన్న ఊరు, అంత నాజూకు చూపించే స్థోమత లేదు. డబ్బు తీసుకున్నారు, గుడి గోడ మీద రాజు అలెగ్జాండర్ సమర్పణ అని చెక్కించారు. ఆ రాయి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

గుడి కన్నా నాకు ఈ ఊళ్లో థియేటరే ఇష్టం. అయిదారు వేలమంది పట్టే చిన్న అర్ధచంద్రం. ముందు వరసలో పెద్దమనుషుల కోసం అయిదు పాలరాతి కుర్చీలు, చేతులానించుకునే దన్నులు, సింహం పంజాల కాళ్లు. కూర్చుని చూస్తే నడుం వెనక రాయి సరిగ్గా ఒదుగుతుంది. రాయికి అంత మెత్తదనం ఎలా తెచ్చారో. ఓ మూలన నీటి గడియారం పెట్టిన పీఠం ఉంది. ఊరి సభ కూడా ఇక్కడే జరిగేది కాబట్టి మాట్లాడేవాడికి గడువు పెట్టేవారు. నీళ్లు అయిపోతే ఉపన్యాసం అయిపోయినట్టే. ఆ పీఠాన్ని మన శాసనసభల్లో ఒక్కోటి పెట్టించాలనిపిస్తుంది.

థియేటర్‌కు కొద్ది కిందుగా పురసభ భవనం. మూడు వైపులా మెట్ల వరసలు, మధ్యలో బలిపీఠం, ఆరువందల మందికి పైగా కూర్చునే చదరపు గది. ఊరి మొత్తం జనాభా నాలుగైదు వేలని అంచనా. అంటే ఓటున్న మగవాళ్లలో చాలామంది ఒకే గదిలో పట్టేవాళ్లు. ఆడవాళ్లకూ బానిసలకూ చోటు లేదన్న సంగతి మరచిపోకుండానే, ఈ కొలతను కాసేపు తలుచుకోవాలి. ఎదుటివాడి ముఖం కనపడేంత దూరంలో కూర్చుని తగవులు తేల్చుకున్న ఊరిది.

గైడ్లు సాధారణంగా ఇక్కడినుంచి వెనక్కి తిప్పుతారు. ఊరి అట్టడుగున, వాలు చివర, కింది జిమ్నేజియం మిగిలిపోతుంది. కుర్రాళ్ల కసరత్తుశాల, బడి రెండూ అదే. కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి గోడ పొడవునా రాతి తొట్టెలు, వాటి మీద సింహం తలలు, ఆ నోళ్లలోంచి కొండ నీళ్లు పడేవి. తలలు ఇప్పటికీ గోడకే ఉన్నాయి. పక్కన చదువుకునే గది. ఆ గది గోడ నిండా గీతలు. దగ్గరికెళ్లి చూస్తే అన్నీ పేర్లు. ఇది ఫలానావాడి చోటు, ఫలానావాడి కొడుకు ఫలానావాడి చోటు అని వందలకొద్దీ పిల్లలు చెక్కిన పేర్లు. పల్లెవెలుగు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు పట్టే మనకు ఆ గోడను ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రియేనె ఇంత చెక్కుచెదరకుండా ఎందుకు మిగిలింది అంటే, ఎదగలేదు కాబట్టి. రేవు పూడిపోయింది, వ్యాపారం మిలెటస్‌కు పోయింది. రోమన్లు వచ్చేసరికి ఇక్కడ కూల్చి కొత్తవి కట్టించేంత డబ్బూ, అవసరమూ ఎవరికీ లేకపోయాయి. 1895 నుంచి నాలుగేళ్లపాటు జర్మన్లు కార్ల్ హ్యూమన్, థియోడోర్ వీగాండ్ తవ్వకాలు జరిపినప్పుడు దొరికింది అలెగ్జాండర్ తర్వాతి కాలపు గ్రీకు ఊరు, వీధులూ ఇళ్లూ గుడులతో సహా.

దిగి వచ్చాక గుల్లుబాహ్చెలో టీ తాగాలి. నడుం సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో పాలు లేకుండా ఇస్తారు. ఆకలైతే గోజ్లెమె. సన్నటి అప్పడాల కర్రతో పిండిని పల్చగా ఒత్తి, లోపల పాలకూరో జున్నో పెట్టి మడిచి పెనం మీద కాలుస్తారు. తోడుగా ఐరాన్, అంటే ఉప్పు వేసిన చల్లటి మజ్జిగ. శాకాహారులు మధ్యాహ్నం భోజనం మీద ఆశ పెట్టుకోకుండా ఇక్కడే కానిచ్చేయడం మంచిది.

మళ్లీ చేల మధ్య ప్రయాణం. ఇరవై కిలోమీటర్లు పైచిలుకు పోయాక ఎదురుగా ఏదో కొండ తొలిచి పెట్టినట్టు కనిపిస్తుంది. దగ్గరికెళ్తే మిలెటస్ థియేటర్. ముందు భాగం 140 మీటర్ల వెడల్పు. గ్రీకులు మొదలుపెట్టినదాన్ని రోమన్లు పెంచి పెంచి పదిహేను వేలమంది పట్టేలా చేశారు. ప్రియేనెలో చూసిన థియేటర్‌ను గుర్తు పెట్టుకుని ఇందులోకి అడుగుపెడితే రోమ్ ఏం చేసిందో గైడు సాయం లేకుండానే అర్థమవుతుంది. అక్కడ కొండ వాలుకు ఒరిగి కట్టుకున్నారు. ఇక్కడ వంపు కమానుల సొరంగాలు కట్టి, జనం లోపలికి రావడానికీ పోవడానికీ దారులు వేసి, చక్రవర్తి కూర్చునే చోటుకు స్తంభాలు నిలిపారు. వేసవి మధ్యాహ్నం ఆ సొరంగాల్లోకి వెళ్తే చల్లగా ఉంటుంది. బయటికి రాబుద్ధి కాదు.

ఇక్కడి సీట్ల మీదా పేర్లున్నాయి. అయిదో వరసలో యూదుల చోటు అని తెలిపే శాసనం, ఇంకోచోట కంసాలుల చోటు. మతం, వృత్తి వారీగా వరసలు పంచుకున్నారన్నమాట.

మెట్లన్నీ ఎక్కి పైనుంచి చూస్తే పచ్చిక, తుమ్మల్లాంటి పొదలు, దూరంగా చేలు. ఈ థియేటర్ ముందు ఒకప్పుడు ఓడలు ఆగేవి. మిలెటస్‌కు నాలుగు రేవులు. అన్ని సముద్రాల ఒడ్డునా ఈ ఊరివాళ్లు వెళ్లి పెట్టిన వలస ఊళ్లు తొంభైకి పైనేనని రోమన్ రచయిత ప్లినీ లెక్క. క్రీ.పూ. 75లో కుర్రవాడైన జూలియస్ సీజర్‌ను దగ్గర్లోని దీవి దగ్గర సముద్రపు దొంగలు పట్టుకున్నారు. ఇరవై టాలెంట్ల వెండి అడిగితే, నా విలువ మీకు తెలియదంటూ నవ్వి యాభై ఇప్పిస్తానన్నాడట. ముప్ఫై ఎనిమిది రోజులు వాళ్లతో ఆటలాడి, వాళ్లకు తన కవితలు చదివి వినిపించి, మెచ్చుకోకపోతే తిట్టి, మీ అందరినీ కొరత వేయిస్తానని వేళాకోళంగా చెబుతూ వచ్చాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. మిలెటస్ నుంచి సొమ్ము రాగానే విడుదలై, ఈ రేవులోనే ఓడలు సమకూర్చుకుని వెళ్లి, దొంగలను పట్టుకుని అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఇక్కడినుంచి సముద్రానికి దాదాపు పది కిలోమీటర్లు. సింహాల రేవు అని పిలిచిన చోట, కాపలాగా పెట్టిన రెండు పాలరాతి సింహాలు బురదలో కూరుకుని ఉన్నాయి. చలికాలం చివర నది పొంగితే మాత్రం ఆ పల్లమంతా నీళ్లు నిలుస్తాయి, కప్పల బెకబెకలు థియేటర్ దాకా వినిపిస్తాయి.

లోకంలో ప్రతిదానికీ మూలం నీరే అన్నవాడు ఈ ఊరివాడే కావడం ఒక తమాషా. థేల్స్. అన్నిటికీ దేవుళ్లనే కారణంగా చెప్పుకునే రోజుల్లో, ప్రకృతిలోనే కారణం వెతకాలన్న మొదటివాళ్లలో ఒకడు. క్రీ.పూ. 585 నాటి సూర్యగ్రహణాన్ని ముందే చెప్పాడని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. చదువుకున్నవాడికి డబ్బు సంపాదించడం చేతకాదని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేస్తే, ఆలివ్ పంట విరగకాస్తుందని చలికాలంలోనే పసిగట్టి, చుట్టుపక్కల నూనె గానుగలన్నీ చవగ్గా బయానా ఇచ్చి బుక్ చేసుకున్నాడట. పంట వచ్చాక తన ధరకు అద్దెకిచ్చి బోలెడు గడించాడని అరిస్టాటిల్ చెప్పిన కథ. ఆయన తర్వాత తత్వవేత్తలు అనాక్సిమాండర్, అనాక్సిమెనీస్. వెయ్యేళ్ల తర్వాత ఇస్తాంబుల్‌లో హగియా సోఫియాకు రూపమిచ్చిన ఇద్దరిలో ఒకడైన ఇసిడోర్‌దీ మిలెటసే. ఇంతమంది పుట్టిన ఊళ్లో వాళ్ల కాలపు గోడ మాత్రం మన కంటికి దాదాపు ఏదీ ఆనదు. లాడె యుద్ధంలో గ్రీకులు ఓడిన ఏడాదే పర్షియన్లు ఊరిని తగలబెట్టారు. ఆ విధ్వంసం మీద ఫ్రినికస్ అనే కవి ఏథెన్స్‌లో నాటకం వేస్తే ప్రేక్షకులు వెక్కివెక్కి ఏడ్చారు. మన కష్టాన్ని మళ్లీ గుర్తు చేశావని కవికి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదని కట్టడి చేశారు.

మనం చూసేది ఆ బూడిద మీద లేచిన ఊరు, దాని మీద రోమన్లు వేసిన హంగు. వాటిలో నిలిచి చూడాల్సింది ఫౌస్టినా స్నానశాలలు. చక్రవర్తి మార్కస్ అరేలియస్ భార్య పేరున ఉన్నవి. చన్నీళ్ల గదిలో కొలను అంచున ఒక మనిషి విలాసంగా పక్కకు ఒరిగి పడుకున్న శిల్పం ఉంది. అతడే మియాండర్, నదీదేవుడు. ఊరిని మట్టితో పూడ్చేస్తున్నవాణ్ని స్నానాల గదిలో పూజనీయంగా పడుకోబెట్టుకున్నారు. ఈ ఫౌస్టినా తల్లి పేరూ ఫౌస్టినాయే. ఆ తల్లి బొమ్మ ముద్రించిన రోమన్ బంగారు నాణెం మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికింది. అక్కడి ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో నాలుగు పక్కలా మెట్ల వరసలతో కట్టిన క్రీడాస్థలం మీద రోమన్ల ప్రభావం ఉండవచ్చని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దాన్ని ఊడదీసి అనుపులో మళ్లీ కట్టారు, మిగిలిన లోయ సాగర్ జలాశయం కింద ఉంది. అక్కడ ఊరిమీదికి నీళ్లొచ్చాయి, ఇక్కడ ఊరినొదిలి నీళ్లు పోయాయి.

మిలెటస్ వైభవానికి గుర్తైన సంత ద్వారం ఇక్కడ వెతికితే దొరకదు. రెండో శతాబ్దంలో కట్టిన ఆ రెండంతస్తుల పాలరాతి ద్వారాన్ని జర్మన్లు ముక్కలుగా తీసుకెళ్లి బెర్లిన్‌లోని పెర్గమాన్ మ్యూజియంలో నిలబెట్టారు. ఆ మ్యూజియాన్ని 2023 అక్టోబరులో మరమ్మతులకని మూసేశారు, ఆ ద్వారమున్న భాగం తెరవడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఇక్కడ పునాదులు, అక్కడ తాళం. పక్కనే 1404లో కట్టిన ఇలియాస్ బే మసీదు మాత్రం మిలెటస్ పాలరాతినే వాడుకుని చిన్నగా, ముచ్చటగా ఉంది. లోపలికి వెళ్లే వాకిలి మీద రాతి చెక్కడం చూసి తీరాలి. చుట్టూ ఉండాల్సిన బాలాత్ ఊరు లేదు. 1955 భూకంపంలో దెబ్బతిన్నాక ఊరిని కొంచెం దూరం జరిపారు.

మిలెటస్ నుంచి డిడిమాకు పూర్వం ఊరేగింపుగా నడిచి వెళ్లేవారు. పవిత్ర మార్గం అని పేరు, పదహారు కిలోమీటర్లకు పైనే. చక్రవర్తి ట్రాజన్ దాన్ని బాగు చేయించినట్టు శాసనం ఉంది. బస్సు అరగంటలో చేరుస్తుంది, మధ్యలో సముద్రం పక్కన చేపల భోజనం ఉంటుంది. భోజనం సంగతి వదిలేద్దాం.

డిడిమా ఊరు కాదు, ఒక్క గుడి. అపోలో దేవుడు సోది చెప్పే గుడి. పాతదాన్ని పర్షియన్లు తగలబెట్టాక, ఇప్పుడు కనిపించేదాన్ని క్రీ.పూ. 300 ప్రాంతంలో మొదలుపెట్టారు. చుట్టూ రెండేసి వరసల్లో వందకు పైగా స్తంభాలు అనుకున్నారు, ఒక్కొక్కటి దాదాపు ఇరవై మీటర్ల ఎత్తు. అయిదారు వందల ఏళ్లపాటు గ్రీకులు కట్టారు, రోమన్లు కట్టారు. పూర్తి కాలేదు. నిలబడి ఉన్నవి మూడే. అందులో ఒకదానికి నిలువు గాడులు చెక్కనే లేదు, నున్నగా వదిలేశారు. భూకంపానికి ఒరిగిన ఇంకో స్తంభం పడింది పడినట్టే, బిళ్లలన్నీ వరసగా ఒకదాని మీద ఒకటి వాలి ఉంది. పక్కన నిలబడితే ఒక్కో బిళ్ల మన భుజం దాటుతుంది. అన్ని టన్నుల రాయి అంత క్రమశిక్షణగా పడిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ముందున్న మెట్లెక్కితే స్తంభాల అడవి, దాని వెనక ఒక మహాద్వారం. గడప దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తు, కాలు ఎత్తి దాటడం ఎవరి తరమూ కాదు. అది మనుషులు దాటడానికి పెట్టింది కాదు. దేవుడి జవాబును పూజారులు ఆ ఎత్తునుంచి వినిపించేవారని భావిస్తారు. లోపలికి దారి పక్కనున్న రెండు సొరంగాలు. ఇరుకు, చీకటి, కాళ్ల కింద ఏటవాలు, చేతికి తగిలే రాయి చల్లగా. ఇరవై అడుగులు వేశాక ఒక్కసారి ఎండలో, కప్పు లేని పెద్ద వాకిట్లో తేలతాం. చుట్టూ ఎత్తు గోడలు. పెద్ద గుడి కడుపులో ఒక చిన్న గుడి పునాది. అక్కడ నీటి ఊట ఉండేది. దేవుడు పూనే స్త్రీ మూడు రోజులు ఉపవాసముండి, ఆ నీళ్లలో కాళ్లు తడుపుకుని పలికేదని పాత రచయితలు చెప్పారు.

ఆ పలుకుల్లో ఒకటి హెరోడోటస్ చెప్పాడు. కైమె అనే ఊరికి పాక్టియెస్ అనేవాడు శరణుకోరి వచ్చాడు. వాణ్ని పర్షియన్లకు అప్పగించాలా అని ఊరివాళ్లు ఇక్కడికి వచ్చి అడిగితే, అప్పగించండి అని జవాబు. అరిస్టోడికస్ అనే పెద్దమనిషికి నమ్మకం కుదరలేదు, మళ్లీ వచ్చి అడిగాడు. అదే జవాబు. అప్పుడాయన గుడి చుట్టూ తిరుగుతూ చూరుల్లో గూళ్లు పెట్టుకున్న పిచ్చుకలన్నిటినీ తోలేయడం మొదలుపెట్టాడు. లోపలినుంచి గొంతు గద్దించింది: పాపాత్ముడా, నన్ను శరణు కోరినవాళ్లను ఈడ్చేస్తావా? ఆయన తడబడలేదు. స్వామీ, నీ శరణార్థులను నువ్వు కాపాడుకుంటావు, మా శరణార్థిని మాత్రం మమ్మల్ని అప్పగించమంటావా అన్నాడు. అవును, అలాంటి పాపం చేసి తొందరగా నాశనమైపోతే ఇంకెప్పుడూ ఇలాంటి ప్రశ్న అడగడానికి రారని చెప్పాను అంది గొంతు. ఈ కథ తెలుసుకుని వెళ్తే గోడ సందుల్లో రెక్కలు కొట్టే పిట్టలను ఊరికే చూసి పోలేం. ఇదే దేవుణ్ని క్రీ.శ. 303 ప్రాంతంలో క్రైస్తవుల విషయమై డయోక్లెషియన్ చక్రవర్తి అడిగి పంపాడు. వచ్చిన జవాబు వాళ్లకు వ్యతిరేకం, ఆ వెంటనే పెద్ద హింసాకాండ. తర్వాత వందేళ్లు తిరగకుండానే క్రైస్తవ చక్రవర్తుల ఏలుబడిలో సోది ఆగిపోయింది, ఆ తర్వాత ఈ వాకిట్లోనే చర్చి వెలిసింది.

ఈ వాకిలి గోడల మీద 1979లో లోథార్ హాసెల్‌బెర్గర్ అనే జర్మన్ పరిశోధకుడు ఒకటి కనిపెట్టాడు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే కనిపించే సన్నటి గీతలు, అర మిల్లీమీటరు లోతు కూడా లేనివి. తిన్నని గీతలు, వృత్తఖండాలు, గోడ గోడంతా. చివరికి తేలిందేమంటే అవి గుడి కట్టిన మేస్త్రీల నమూనా గీతలు. గ్రీకు స్తంభం తిన్నగా ఉండదు, మధ్యలో కనీకనపడని ఉబ్బు ఉంటుంది. అంత పొడుగు స్తంభానికి ఆ వంపు లెక్క కట్టడమెలా? వెడల్పును అసలు కొలతలోనే ఉంచి, ఎత్తును మాత్రం పదహారో వంతుకు కుదించి గోడ మీద గీసుకున్నారు. అలా గీస్తే ఆ వంపు ఒక్క వృత్తఖండంతో తేలిపోతుంది. రాయి చెక్కేవాడు గోడ దగ్గరికొచ్చి కొలత తీసుకుని వెళ్లేవాడు. పనంతా అయ్యాక గోడను నున్నగా పాలిష్ పట్టి ఈ గీతలన్నీ చెరిపేసేవాళ్లే. గుడి పూర్తి కాలేదు, పాలిష్ పట్టలేదు, గీతలు మిగిలాయి. పూర్తయిన గుళ్లలో ఈ కాగితాలు దొరకవు. గైడును అడిగితే టార్చి వెలుతురు పక్కగా వేసి ఒకటి రెండు చూపిస్తారు. టికెట్టు గేటు దగ్గరి మెడూసా తల ముందు అందరూ ఫొటోలు దిగుతుంటారు. ఉబ్బిన బుగ్గలు, ముడిపడిన నుదురు, పాముల జుట్టు, చూడదగ్గదే. కానీ డిడిమాకు వచ్చింది ఈ గోడ కోసం అని నేను అంటాను.

బయట దక్షిణం వైపు మెట్ల మీద మళ్లీ పేర్లు. ఆ పక్కన పరుగు పందేల స్టేడియం ఉండేది, గుడి మెట్లే ప్రేక్షకుల గ్యాలరీ. మూడోచోట కూడా జనం సీట్లు పట్టుకున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. దగ్గరి పెద్ద విమానాశ్రయం ఇజ్మీర్. ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబరు, అక్టోబరు అనువు. జులై, ఆగస్టుల్లో మిలెటస్‌లో నీడ దొరకదు, మన మే నెలకు ఏమీ తీసిపోదు. ప్రియేనె రాళ్లు జారతాయి, చెప్పులతో వెళ్లకండి. సోకె నుంచి పల్లె మినీబస్సులు తిరుగుతాయిగానీ వాటిని నమ్ముకుని ఒకే రోజులో మూడూ చూడటం కష్టం, టూరో అద్దె కారో మేలు. కొన్ని టూర్లు తిరుగు దారిలో తోలు కోట్ల దుకాణం దగ్గరో తివాచీల దుకాణం దగ్గరో గంటసేపు ఆపుతాయి. డబ్బు కట్టకముందే ఆ సంగతి అడిగి తేల్చుకోండి. కింది జిమ్నేజియం చూస్తామని పొద్దున బస్సెక్కగానే గైడుకు చెప్పి ఉంచండి. టైము లేదంటారు. భోజనం దగ్గర పావుగంట తగ్గించుకుంటామని చెప్పండి, సరిపోతుంది.